చిన్నప్పటి నుంచి

అర్జీ రాయమని అక్క సిరిసిల్ల నుంచి జగిత్యాలకు వచ్చింది. సోమవారం సిరిసిల్ల కలెక్టర్ ఆఫీసులో ప్రజావాణి ఉంటుంది, అందులో ఇవ్వాలట. అర్జీలు రాసిపెట్టేవాళ్లు అక్కడా దొరుకుతారు. ఇంత డబ్బు తీసుకుని పది నిమిషాల్లో రాసిస్తారు. అయినా 2025 నవంబరులో ఒక ఆదివారం పొద్దున వేములవాడలో బస్సు మారి నా దగ్గరికి వచ్చింది. "వాళ్లు అందరికి ఒక్కతీరే రాస్తరు. నువ్వైతే మంచిగ రాస్తవ్" అంది. ముప్పై ఏళ్లుగా రాతనూ చదువునూ పట్టుకుని బతుకుతున్నదాన్ని. కాదనడానికేముంది?

ప్లాస్టిక్ కవరు విప్పి ఆధార్, రేషన్ కార్డు, పీఎఫ్ చీటీ, బ్యాంకు పుస్తకం మంచం మీద వరసగా పరిచింది. సంగతి చిన్నదే. తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు 2015లో నెలకు వెయ్యి రూపాయల జీవన భృతి మొదలుపెట్టింది. 2019లో దాన్ని 2016 రూపాయలు చేసింది. మొదట్లోనే ఒక షరతు పెట్టారు. 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్‌లో పేరు ఎక్కి ఉండాలి. ఆ తేదీని సడలిస్తామన్న మాటలు తర్వాత చాలాసార్లు విన్నాం. అక్క చీటీలో పనిలో చేరిన తేదీ 2015 జూన్ అని ఉంది. పదిహేను నెలల తేడా.

తెల్ల కాగితం తీసుకుని, 'గౌరవనీయులైన కలెక్టర్ గారికి' అని మొదలుపెట్టాను. పేరు, ఇంటి నంబరు, వార్డు రాశాను. 'నేను ఇన్నేళ్లుగా బీడీలు చేస్తున్నాను' అని రాయాల్సిన చోటికి వచ్చాక, "ఎప్పటి నుంచి అని రాయమంటవక్కా?" అన్నాను, తలెత్తకుండానే.

"నీకెర్క లేదా?" అంది అక్క.

నాకు తెలుసు. 1986 ఎండాకాలం నుంచి.

* * *

మా తల్లిగారిల్లు కోరుట్ల. బాపు మగ్గం నేసేవాడు. మిల్లుబట్ట ముందు చేనేత నిలవలేక మా వాడలో మగ్గాలు ఒక్కొక్కటే గుంతల్లోంచి లేచిపోతున్న రోజులవి. మగవాళ్లలో కొందరు భీమండి దారి పట్టారు, కొందరు దుబాయి దారి. బాపు దుబాయి అన్నాడు. ఏజెంటు మాట నమ్మి, మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి, 1985లో బొంబాయి దాకా పోయాడు. వీసా దొంగదని తేలింది. ఆరు నెలలు అక్కడే ఏవో కూలిపనులు చేసి, ఒక రాత్రి చేతిసంచితో ఇంటికి తిరిగొచ్చాడు. పోయేటప్పుడు వాడంతా వచ్చి బస్సెక్కించింది. వచ్చిన సంగతి మాత్రం మూడు రోజుల దాకా పక్కింటికి కూడా తెలియనివ్వలేదు.

అప్పు మాత్రం బాపుతో పాటే ఇంటికి వచ్చింది. మిత్తి కట్టాలి. ఇంట్లో అప్పటికి ఆగకుండా పైసలు వచ్చే పని ఒకటే ఉంది. అవ్వ ఒడిలో చాట.

బీడీ పని చూడనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. టేకేదారు తూకం వేసి ఇచ్చిన తునికాకును రాత్రి నానబెట్టి, గుడ్డలో చుట్టి ఉంచుతారు. పొద్దున అచ్చు పెట్టి కత్తెరతో ఆకు కత్తిరిస్తారు. చాట ఒళ్లో పెట్టుకుని, ఆకులో చిటికెడు తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మలుస్తారు. ఇరవై అయిదు బీడీలు ఒక కట్ట, నలభై కట్టలు వెయ్యి. సాయంత్రం కార్ఖానాకు పోయి ఒప్పజెప్పాలి. దారం వదులైనా, మూతి సరిగా మలవకపోయినా ఆ బీడీలు తీసి పక్కన పడేస్తారు. వాటికి పైసలు రావు, వాటికి పట్టిన ఆకు లెక్క మాత్రం మన మీదే పడుతుంది. కూలి వెయ్యి లెక్కన. మెడ వంచి పది పన్నెండు గంటలు కూర్చుంటే గాని వెయ్యి కావు.

ఆ ఎండాకాలం సెలవుల్లో అవ్వ మా ఇద్దరికీ పని నేర్పింది. అక్కకు పన్నెండేళ్లు, ఆరు పాసై ఏడుకు పోవాలి. నాకు పదేళ్లు. ఒకే చాటకు అటొకరం ఇటొకరం కూర్చునేవాళ్లం. నెల తిరిగేసరికి అక్క రోజుకు అయిదు వందలు చుట్టేది. ఒక్కటి కూడా వాపసు వచ్చేది కాదు. వాడలో ఆడవాళ్లు వచ్చి ఆమె వేళ్లు చూసి పోయేవాళ్లు. నావి వంద చుడితే ముప్పై వాపసు. "ఈ పోరివి మొద్దు వేళ్లు" అని అవ్వ తల కొట్టుకునేది.

జూన్‌లో బడి తెరిచారు. నేను పోయాను. అక్క పోలేదు. దాని గురించి ఇంట్లో ఎవరూ కూర్చుని మాట్లాడుకున్న గుర్తు నాకు లేదు. ఒక అరుపు లేదు, ఏడుపు లేదు. అక్క పుస్తకాల సంచి కొన్నాళ్లు మేకుకు వేలాడింది. తర్వాత అందులో అవ్వ కత్తిరించిన ఆకు పెట్టుకుంది.

అక్క చదువులో నాకంటే చురుకు. లెక్కలు ఆమె చెప్తేనే నాకు అర్థమయ్యేవి. పని బాగా వచ్చినందుకు ఆమె బడి ఆగిపోయింది. పని రానందుకు నా బడి సాగింది. చాలా ఏళ్ల పాటు నా జీవితాన్ని నేను ఇట్లాగే చెప్పుకున్నాను. ఒక పిల్ల వేళ్లు చురుకు, ఒక పిల్ల వేళ్లు మొద్దు, అంతా నసీబు, ఎవరి చేతుల్లో ఏముంది అని. విన్నవాళ్లు అయ్యో అనేవాళ్లు. జీవితం ఎంత చిత్రమైంది అనేవాళ్లు.

* * *

అక్క చుట్టిన బీడీలు అవ్వ కార్డు మీదే పోయేవి. బీడీ పరిశ్రమకు పీఎఫ్ 1977లోనే వచ్చింది. అవ్వ కార్డులో నెలనెలా పడే లెక్కలో సగం అక్క వేళ్లదే. కార్ఖానా పుస్తకంలో మాత్రం పని చేసే మనిషి ఒక్కతే. ఆమె పేరు అవ్వ.

అదే 1986 డిసెంబరులో దేశంలో బాలకార్మిక నిషేధ చట్టం వచ్చింది. పద్నాలుగేళ్లలోపు పిల్లలతో చేయించగూడని పనుల జాబితాలో బీడీలు చుట్టడం ఉంది. కాని ఇంట్లో కుటుంబ సభ్యుల సాయంతో చేసుకునే పనికి ఆ నిషేధం వర్తించదని అదే చట్టంలో అప్పట్లో మినహాయింపు ఉండేది. ఎం.ఫిల్. చేసేటప్పుడు ఆ వాక్యం మొదటిసారి చదివి చాలాసేపు పుస్తకం మూయలేకపోయాను. మా ఇంటి వసారా చట్టానికి కనబడదని చట్టమే రాసిపెట్టుకుంది.

బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం ఇంకో పదేళ్లు ముందుది, 1976ది. దాని కింద బీడీ కార్మికుల పిల్లలకు స్కాలర్‌షిప్ ఇచ్చేవాళ్లు. నాకు హైస్కూల్లోనూ వచ్చింది, కాలేజీలోనూ వచ్చింది. ఏటా దరఖాస్తు మీద టేకేదారు సంతకం కోసం అవ్వతో పోయేదాన్ని. నేను బీడీ కార్మికురాలి బిడ్డనని ప్రభుత్వం నాకు డబ్బిచ్చింది. బీడీ కార్మికురాలైన బిడ్డకు ఏమీ ఇవ్వలేదు. ఆమె ఎక్కడా లేదు గదా, ఎట్లా ఇస్తుంది?

1997లో నేను హైదరాబాదులో ఎం.ఏ.లో చేరినప్పుడు హాస్టలుకు, ఫీజుకు అవ్వ తన పీఎఫ్ తీసింది. అప్పటికి అక్క సిరిసిల్లలో ఉంది. పెళ్లయి నాలుగేళ్లు. ఆ డబ్బులో ఏడేళ్ల కష్టం ఆమెదని అవ్వా అనలేదు, నేనూ అనలేదు. నాకు అప్పుడు తోచనైనా తోచలేదు అని రాయాలని ఉంది. తోచింది. తోచి, ఫీజు కట్టేశాను.

హైదరాబాదులోనే స్త్రీశక్తి సంఘటన వాళ్ల 'మనకు తెలియని మన చరిత్ర' చదివాను. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్లు తమ మాటల్లో చెప్పుకున్న కథలు. అదీ 1986లోనే అచ్చయింది. చరిత్ర పుస్తకాల్లో పేర్లు ఎక్కని ఆడవాళ్లను వెతుక్కుంటూ పోయి, కూర్చోబెట్టి, వినడం ఒక పని అని, గొప్ప పని అని నాకు నేర్పింది ఆ పుస్తకమే. తర్వాత నేనూ ఇంటిపట్టున పనిచేసే ఆడవాళ్ల మీద పేపర్లు రాశాను. సదస్సుల్లో చదివాను. 'అదృశ్య శ్రమ' అన్న మాట ఎన్నిసార్లు వాడానో లెక్కలేదు. మెట్‌పల్లిలో, కోరుట్లలో, రాయికల్‌లో ఇల్లిల్లూ తిరిగి యాభై మందిని అడిగాను, ఎప్పటి నుంచి ఈ పని చేస్తున్నారని. ఆ యాభై మందిలో మా అక్క లేదు. ఆమెను నేను ఎన్నడూ ఆ ప్రశ్న అడగలేదు.

* * *

మంచిరోజులు రాలేదని కాదు. 1992లో బాపుకు మస్కట్ వీసా వచ్చింది, ఈసారి నిజమైనది. రెండేళ్లలో అప్పు తీరింది, పెంకుల మీది ఇల్లు స్లాబుకు వచ్చింది. కాని అప్పటికి అక్కకు పద్దెనిమిదేళ్లు దాటాయి. బాపు మొదటిసారి పంపిన డబ్బుతో ఆమెకు పెళ్లి చేశారు. మా ఇంటికి అదృష్టం ఆరేళ్లు ఆలస్యంగా వచ్చింది. వచ్చినప్పుడు బడికి పోయే ఈడులో నేనున్నాను, పెళ్లీడులో అక్క ఉంది. అప్పు కట్టిన చెయ్యి ఒకరిది, ఒడ్డు చేరింది ఇంకొకరు.

సిరిసిల్లలో బావ సాంచెల మీద కార్మికుడు. సాంచె అంటే మరమగ్గం. పగలు రాత్రి రెండు షిఫ్టులు, చెవులు గింగురుమనే చప్పుడు. కొన్నేళ్లకు అప్పు చేసి నాలుగు పాత సాంచెలు కొని ఆసామి అయ్యాడు. సేటు దగ్గర నూలూ బీములూ తెచ్చి నేసిచ్చి కూలి తీసుకునేవాడే ఆసామి. అక్క అప్పుడు ఎంత సంబరపడ్డదో నాకు గుర్తుంది. సాంచెలకు పసుపు, కుంకుమ పెట్టి కోరుట్ల నుంచి మమ్మల్ని పిలిచింది. బీడీలు మాత్రం మానలేదు. పగలు కండెలు చుట్టేది, మాపటికి చాట ముందేసుకునేది. అత్తగారి కార్డు మీద.

తర్వాతి సంగతి పత్రికలు చదివేవాళ్లందరికీ తెలిసిందే. తొంభైల చివర నుంచి సిరిసిల్లలో బట్ట కొనేవాళ్లు లేక, కరెంటు బిల్లులూ మిత్తిలూ మీద పడి, నేతపనివాళ్లు ఒకరి తర్వాత ఒకరు ప్రాణాలు తీసుకున్నారు. ఊరి పేరునే మార్చి ఉరిసిల్ల అన్నారు. ఆత్మహత్యలు చేసుకోవద్దని గోడల మీద రాయించారు. బావ నాలుగు సాంచెలూ తుక్కు కింద తూకానికి అమ్మి, 2001లో భీమండి పోయాడు. రాత్రిళ్లు అక్క నిద్రపోయేది కాదు. ఫోను మోగితే వణికేది. పక్క గల్లీలో ఒకరు పోయిన రోజు ఏం చేశావక్కా అని అడిగితే, "ఏం జేస్త, ఏడ్చి వచ్చి బీడీలు చేసిన. తెల్లారి ఆకు లెక్క ఒప్పజెప్పాలె గదా" అంది.

బావ 2010లో తిరిగొచ్చాడు. 2017లో రాష్ట్ర ప్రభుత్వం బతుకమ్మ చీరలు మొదలుపెట్టి ఆ నేత పని సిరిసిల్లకు ఇచ్చింది. రాష్ట్రమంతటా ఆడవాళ్లకు పంచడానికి కోటి దాకా చీరలు. మొదటి ఏడు గడువు చాలక కొంత భాగం సూరత్ నుంచి తెచ్చారు. నాసిరకం చీరలిచ్చారని చాలాచోట్ల ఆడవాళ్లు వాటిని వీధిలో కుప్పపోసి తగలబెట్టారు. మా కాలేజీ స్టాఫ్‌రూములో ఆ చీరల మీద వారం రోజులు నవ్వులు. ఇంట్లో మసిగుడ్డకు కూడా పనికిరావని ఒకరు, పొలంలో దిష్టిబొమ్మకు కట్టామని ఒకరు. ఆడవాళ్లకు ఏం కావాలో అడగకుండా పండగకో చీర పడేయడం మీద నాకూ కోపమే. ఆ కోపం సరైందే అని ఇప్పటికీ అంటాను. కాని ఆ వారం ఆ గదిలో నోరు పెగల్లేదు. ఆ చీరల్లో కొన్నిటికి కండెలు చుట్టింది మా అక్క. ఆ దసరాకు బావ పదహారేళ్ల తర్వాత ఇంట్లో అప్పు లేకుండా పండగ చేశాడు.

2023 దాకా ఏటా ఆ పని ఉంది. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. 2024లో బతుకమ్మ చీరల ఆర్డరు రాలేదు. సాంచెలు ఆగిపోయాయి, మళ్లీ చావు వార్తలు వచ్చాయి. 2025లో స్వయం సహాయక సంఘాల మహిళలకు చీరలని ఇంకో ఆర్డరు వచ్చింది, సాంచెలు మళ్లీ నడుస్తున్నాయి. ఇన్ని ఎత్తుపల్లాల్లో అక్క ఒడిలో చాట దిగిందే లేదు. బీడీల మీద 2017లో 28 శాతం, తునికాకు మీద 18 శాతం జీఎస్టీ పడినప్పుడు నెలకు పదీ పన్నెండు రోజులే ఆకు ఇచ్చారు. ఆ పది రోజులు చేసింది. 2025 సెప్టెంబరులో ఆ పన్నును బీడీకి 18, ఆకుకు 5 శాతానికి తగ్గించాలని నిర్ణయించారు. "పన్ను తగ్గిందట గదా, రోజులు పెరిగినయా?" అంటే నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు వెనుకే దగ్గు వచ్చింది. తంబాకు దుమ్ము ముప్పై తొమ్మిదేళ్లుగా ఆమె ఊపిరితోనే లోపలికి పోతోంది.

* * *

మనం 'జీవితంలో ఎత్తుపల్లాలు' అనే మాట చాలా తేలికగా వాడతాం. చక్రం తిరుగుతుందంటాం. ఒకసారి పైన, ఒకసారి కింద అంటాం. జగిత్యాలలో కొన్నాళ్ల క్రితం ఆ మాట ఎవరన్నా అంటే నేను భరించలేకపోయేదాన్ని. 2018 సెప్టెంబరు 11, మంగళవారం, కొండగట్టు ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా చనిపోయారు. ఎక్కువ మంది ఆడవాళ్లు. చుట్టుపక్కల ఊళ్లనుంచి ఆసుపత్రికి, అంగడికి, కొలువుకు బయల్దేరినవాళ్లు. ఆ బస్సులో వంద మందికి పైగా ఉన్నారు. మరునాడు క్లాసుకు పోతే పిల్లలెవరూ పుస్తకం తెరవలేదు. అందరికీ ఆ ఊళ్లలో ఎవరో ఒకరు తెలుసు. పరామర్శకు వచ్చిన పెద్దమనుషులు తలరాత అన్నారు. తలరాత కావచ్చు. కాని ఊరికి బస్సులు తక్కువైతే ఉన్నదాంట్లోనే అందరూ ఎక్కుతారు. మోటారు సైకిళ్లూ జీపులూ మగవాళ్ల చేతుల్లో ఉంటే బస్సులో ఆడవాళ్లే ఎక్కువుంటారు. ఆ పొద్దున ఆ మలుపులో అట్లా జరుగుతుందని ఎవరికీ తెలియదు. జరిగితే ఎవరుంటారో మాత్రం చెప్పడం కష్టం కాదు.

మా ఇంటి సంగతీ అంతే. బాపు వీసా దొంగదవుతుందని ఎవరూ అనుకోలేదు. సిరిసిల్ల బట్ట ఎప్పుడు పడిపోతుందో, ఎప్పుడు లేస్తుందో, ఏ ప్రభుత్వం ఏ చీర నేయమంటుందో ఎవరికీ తెలియదు. దెబ్బ ఎప్పుడొస్తుందో తెలియదు గాని, వస్తే ఎవరి ఒళ్లోకి చాట జరుపుతారో ఇంట్లో అందరికీ ముందే తెలుసు. మగవాళ్లు పెద్ద పెద్ద పందేలు కాశారు, దుబాయి, సాంచెలు, భీమండి. గెలిస్తే పదిమందిలో పేరు, ఓడితే పదిమంది జాలి. అవ్వా అక్కా కాసింది పందెం కాదు. ఆ పందేలకు మిత్తి కట్టారు. వాళ్ల స్థిరత్వాన్ని మనం ఓర్పు అని మెచ్చుకుంటాం. కదలడానికి వీలు లేనివాళ్లను పట్టుకుని ఎంత నిలకడో అనడం లాంటిదే అది.

ఇంతవరకు రాసి ఆపేస్తే ఇది నేను ఇదివరకు రాసిన వ్యాసాల్లాంటిదే అవుతుంది. ఇంకో మాట మిగిలి ఉంది.

నా వేళ్లు మొద్దువి కావు.

ఆ ఎండాకాలం రెండో వారానికే నాకు బీడీ చుట్టడం వచ్చేసింది. పక్కింటి పిల్లకు పని బాగా వచ్చిందని నాలుగో తరగతిలోనే బడి మాన్పించడం చూశాను. పదేళ్ల పిల్లకు అంత లెక్క తెలుస్తుందా అంటారేమో. తెలుస్తుంది. సరిగ్గా చుట్టి, కట్టి, అవ్వ అటు తిరిగినప్పుడు దారం ఒక చుట్టు వదులు చేసేదాన్ని. మూతి సగమే మలిచేదాన్ని. రోజుకు ముప్పై. ఎక్కువైతే దెబ్బలు పడతాయి, తక్కువైతే పని వచ్చిందంటారు. ఒకరు బడి మానక తప్పదని నాకు తెలుసు. ఆ ఒకరు నేను కాకుండా చూసుకున్నాను. మిగిలింది అక్కే కదా అన్నదాకా అప్పుడు ఆలోచన పోయిందో, పోయినా ఆపేశానో ఇప్పుడు చెప్పలేను. ఎవరికీ చెప్పలేదు. అవ్వకు చెప్పలేదు. ఆమె 2019లో పోయింది. నసీబు అనే మాట ఎంత సౌకర్యంగా ఉంటుందో నాకంటే బాగా తెలిసినవాళ్లు తక్కువ.

ఆ ఆదివారం అర్జీ మధ్యలో ఆపి అక్కకు చెప్పాను. మాటలు వరసగా రాలేదు. అక్క పీఎఫ్ చీటీని మడత మీద మడత పెడుతూ విన్నది.

"నాకెర్కే" అంది.

"ఎప్పటి సంది?"

"అప్పటి సందే. వాపసొచ్చిన నీ బీడీలన్ని విప్పి మల్ల కట్టింది ఎవరనుకున్నవ్? ఆకు లెక్క తక్కువైతే అవ్వ ఊకుంటదా? రానోళ్లు కట్టిన ముడి వేరే ఉంటది. కట్టి ఇప్పిన ముడి వేరే ఉంటది."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. ఫరవాలేదని అంటుందేమో అని ఎదురుచూశాను. అనలేదు. అట్లా అనకపోవడమే న్యాయం అని ఇప్పుడనిపిస్తుంది. కాసేపాగి, "అవ్వకు చెప్తే నిన్ను గూడ కూసోబెట్టు. ఇద్దరం పోతుంటిమి" అంది. అది క్షమో, లెక్కో నాకు తెలియదు. తర్వాత కాగితం నా వైపు జరిపి, "రాయి. బస్సు పోతది" అంది.

1986 నుంచి అని రాస్తానన్నాను. అవ్వ కార్డు మీద ఏడేళ్లు, అత్తగారి కార్డు మీద ఇరవై రెండేళ్లు, సొంత కార్డు 2015 నుంచి అని వివరంగా రాస్తానన్నాను. అది నిజం. ఒక కార్డు మీద ఇంటిల్లిపాది పనిచేయడం ఆ ఆఫీసులో తెలియనిది కాదు. అక్క ఒప్పుకోలేదు. అట్లా రాస్తే పన్నెండేళ్ల పిల్లతో పని చేయించిందని అవ్వ పేరు కాగితం మీదికి వస్తుంది. తమ కార్డులో ఇంకొకరి కష్టం రాసుకున్నారని అవ్వా, అత్తా ఇద్దరూ దొంగలవుతారు. టేకేదారు నాకు తెలియదంటాడు, రేపటి నుంచి ఆకు ఇవ్వడు. "సచ్చినోళ్లను ఎందుకు గుంజుడు" అంది. తన కష్టం లెక్కలోకి రావాలంటే తన తల్లి మీద ఫిర్యాదు రాయాలి. రికార్డుల్లో ఆడవాళ్ల పేర్లు ఎందుకు లేవని సదస్సుల్లో అడిగేదాన్ని. ఆ ప్రశ్నకు ఇట్లాంటి జవాబు కూడా ఉంటుందని నేను ఎక్కడా రాయలేదు.

"మరి ఏం రాయను?" అన్నాను.

"చిన్నప్పటి సంది అని రాయి" అంది.

పరిశోధన చేసే పిల్లలు 'చిన్నప్పటి నుంచి' అని రాస్తే నేను ఎర్ర సిరాతో గీత కొడతాను. ఏ సంవత్సరం, ఎన్నేళ్ల వయసు అని పక్కన రాస్తాను. తేదీ లేని మాట సాక్ష్యం కాదని చెప్తాను. ఆ రోజు ఆ మాటే రాశాను. 'నేను చిన్నప్పటి నుంచి బీడీలు చేసుకుంటూ జీవిస్తున్నాను.' కింద చోటు వదిలాను. అక్క ఆరో తరగతి దాకా చదివిన చేతితో, అక్షరం అక్షరం విడిగా, సంతకం చేసింది. ఆమె అక్షరాలు ఇప్పటికీ నావాటికంటే గుండ్రంగా ఉన్నాయి.

మరునాడు మధ్యాహ్నం ఫోను చేసింది. అర్జీ తీసుకున్నారు, రసీదు ఇచ్చారు. "ఏమన్నరక్కా?" అని అడిగాను. "చూస్తమన్నరు" అంది. వెనుక సాంచెల చప్పుడు. కార్ఖానాలో ఆ వారం మూడు రోజులే ఆకు ఇస్తారట, తొందరగా పోవాలని ఫోను పెట్టేసింది.